విత్తనం తప్పా, నేల తప్పా?

రక్తం తక్కువైందని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో మాట తిండి మీదికి పోతుంది. మునగాకు, తోటకూర, బెల్లం, ఐరన్ మాత్రలు. మన దేశంలో కనిపించే రక్తహీనతలో ఎక్కువ భాగానికి ఆ ఆలోచన సరిపోతుంది కూడా. అయితే తిండికి లోటు లేకపోయినా, ఒంట్లోంచి చుక్క రక్తం బయటికి పోకపోయినా మనిషి పాలిపోయే జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో కణాల తయారీకి ఏ అడ్డూ ఉండదు. తయారైన ఎర్రకణం ఆయుష్షు తీరకముందే చిట్లిపోతుంది. మామూలుగా ఒక ఎర్రకణం దాదాపు 120 రోజులు ఒంట్లో తిరుగుతుంది. అది 60 రోజులకే పోయినా లోటు బయటపడదు. అవసరం వస్తే మూలుగ మామూలుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు కణాలను తయారు చేయగలదు మరి. కణం ఆయుష్షు పది, పదిహేను రోజులకు పడిపోతే మాత్రం మూలుగ చేతులెత్తేస్తుంది. ఇదే హీమోలిటిక్ ఎనీమియా. చిట్లిన కణాల్లోని హీమోగ్లోబిన్ విరిగి పచ్చని బిలిరుబిన్‌గా మారి కళ్లకెక్కుతుంది. ముసలి కణాలను ఏరేసే ప్లీహం ఉబ్బి, పల్లెల్లో 'కడుపులో బల్ల' అనే స్థితికి వస్తుంది. రెటిక్యులోసైట్లు, అంటే ఇంకా ముదరని కొత్త కణాలు, రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది. ఇవన్నీ కణాలు చిట్లుతున్నాయని చెప్పే గుర్తులు. ఎందుకు చిట్లుతున్నాయో వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు.

ఆ 'ఎందుకు'కు నమ్మదగిన జవాబు దొరకడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. 1904లో వియన్నాలో మొదలైన వెతుకులాట 1956లో చికాగోలో ఒక కొలిక్కి వచ్చింది. ఆ చరిత్రను పాఠ్యపుస్తకాలు పరీక్షల పేర్ల వరుసగా, వాటిని కనిపెట్టినవారి పేర్ల వరుసగా చెబుతాయి. నా లెక్కలో ఆ వరుసంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. తప్పు కణంలో ఉందా, కణం తిరుగుతున్న చోటులో ఉందా? చేలో పైరు మాడిపోతే రైతుకు వచ్చే అనుమానమే ఇదీ. విత్తనం నాసిదా, నేల చెడిందా? మాడిన మొక్కను ఎంతసేపు తేరిపార చూసినా అది తేలదు. ఆ విత్తనాన్ని పక్కవాడి చేలో, పక్కవాడి విత్తనాన్ని తన చేలో చల్లి చూస్తేనే తేలుతుంది. రక్తం విషయంలోనూ వైద్యులు కణం ఆకారాన్ని చూస్తూ కూర్చున్నంత కాలం దారి తప్పారు. కణాన్ని చోటు మార్చి చూసిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు పడింది.

పాలిపోవడానికీ పచ్చబడటానికీ సంబంధం ఉందన్న గమనిక పాతదే. చరక సంహితలో కామల వ్యాధిని పాండురోగం అధ్యాయంలోనే కలిపి చెప్పారు. దాన్ని పట్టుకుని ఎర్రకణాలు చిట్లుతాయన్న సంగతి ఆనాటివారికి తెలుసు అనడం అతిశయం. కాలేయం చెడినా ఈ రెండూ కలిసే వస్తాయి. ఐరోపాలో 19వ శతాబ్దం చివరికి వైద్యులు ఈ కలయికలో ఒక ప్రత్యేక రకాన్ని విడదీశారు. అందులో కళ్లు పచ్చగా ఉంటాయి కానీ మూత్రంలో పైత్యరసం రంగు కనిపించదు. 1900లో మింకోవ్‌స్కీ ఇలాంటి కామెర్లు ఒకే కుటుంబంలో తరతరాలుగా రావడాన్ని వర్ణించాడు. 1907లో పారిస్‌లో అనతోల్ షోఫార్ అలాంటి రోగుల కణాలను పలుచని ఉప్పునీళ్లలో వేసి చూశాడు. ఉప్పు తగ్గేకొద్దీ నీరు కణంలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది, చివరికి చిట్లిస్తుంది. మామూలు కణాలు ఉప్పు సుమారు అర శాతానికి తగ్గేదాకా తట్టుకుంటాయి. ఈ రోగుల కణాలు అంతకు చాలా ముందే చిట్లిపోయాయి. మామూలు ఎర్రకణం మధ్యలో నొక్కుకుపోయిన బిళ్లలా ఉంటుంది కనుక ఉబ్బడానికి దానికి జాగా ఉంది. బంతిలా గుండ్రంగా ఉన్న కణానికి ఆ జాగా లేదు. ఆస్మాటిక్ ఫ్రాజిలిటీ టెస్ట్ అని నేటికీ చేసే పరీక్షకు మూలం ఇదే. తప్పు విత్తనానిదేనని షోఫార్ పరీక్ష చెప్పినట్టయింది. కానీ అదే నగరంలో 1898లో హేయెమ్, ఆ తర్వాత పదేళ్లకు విదాల్ బృందం వేరే రోగులను చూశారు. వీళ్ల కుటుంబాల్లో ఈ జబ్బు లేదు, నడివయసులో ఉన్నట్టుండి వచ్చింది. వీళ్ల కణాలు సొంత సీరంలోనే గుంపు కట్టడం విదాల్ బృందం గమనించింది. అంటే నేల మీద అనుమానం. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో రెండు జవాబులూ కళ్లముందే ఉన్నాయి.

అంతకుముందే, 1904లో, వియన్నాలో జూలియస్ డోనాత్, కార్ల్ లాండ్‌స్టీనర్ నేల పక్షాన తిరుగులేని సాక్ష్యం చూపించారు. చలిలో తిరిగి వచ్చాక మూత్రం నల్లగా పోయే రోగులు కొందరుండేవారు. పాల్ ఎర్లిక్ 1881లోనే అలాంటి రోగి వేలికి తాడు కట్టి, మంచునీళ్లలో ముంచి, ఆ వేలి సీరంలో ఎరుపు దిగడం చూపాడు. కణం చిట్లేది చల్లబడ్డ చోటే అని దాంతో తెలిసింది. కారణం ఏమిటో మాత్రం తెలియలేదు. డోనాత్, లాండ్‌స్టీనర్ రోగి సీరాన్ని, కణాలను టెస్ట్ ట్యూబులో కలిపి ముందు చల్లబరిచారు, తర్వాత ఒంటివేడికి తెచ్చారు. కణాలు చిట్లాయి. అక్కడితో ఆపి ఉంటే అది ఇంకో వింత అయ్యేది. వాళ్లు కణాలను మార్చి చూశారు. ఆరోగ్యవంతుడి కణాలు రోగి సీరంలో చిట్లాయి, రోగి కణాలు ఆరోగ్యవంతుడి సీరంలో నిక్షేపంగా ఉన్నాయి. చలిలో కణానికి అతుక్కుని, వెచ్చబడగానే దాన్ని చిట్లగొట్టే యాంటీబాడీ ఒకటి రోగి సీరంలో ఉందని తేలింది. మనిషి ఒళ్లు తన కణాల మీదే ఆయుధం తయారు చేసుకుంటుందనడానికి దొరికిన మొదటి గట్టి రుజువు అది. విత్తనం, నేల మార్చి చూసే రైతు పద్ధతిని టెస్ట్ ట్యూబులో చేసిన మొదటి సందర్భం కూడా అదేనని నేను లెక్కిస్తాను.

అంత స్పష్టమైన ఫలితం చేతిలో ఉండగా, తర్వాతి ముప్పై ఏళ్లూ ఈ ఆలోచన ఎందుకు మూలన పడింది? చరిత్రకారులు తరచూ ఎర్లిక్ వైపు వేలు చూపిస్తారు. ఆయన, మోర్గెన్‌రోత్ మేకలకు ఇతర మేకల రక్తం ఎక్కిస్తే ఆ పరాయి రక్తాన్ని చిట్లగొట్టే పదార్థాలు పుట్టాయి, సొంత రక్తాన్ని చిట్లగొట్టేవి పుట్టలేదు. ఒంటికి తనను తాను విషపూరితం చేసుకోవడం పట్ల ఉండే ఈ వెనకాడటానికి ఎర్లిక్ 'హారర్ ఆటోటాక్సికస్' అని పేరు పెట్టాడు. ఆ మాటకున్న బరువు తర్వాతి తరాన్ని ఆపేసిందని వాదన. ఇది సగమే నిజం. అలాంటి పదార్థాలు అసలు పుట్టనే పుట్టవని ఎర్లిక్ అనలేదు. పుట్టినా హాని చేయనివ్వని ఏర్పాటు ఒంట్లో ఉంటుందన్నాడు. వియన్నా ఫలితాన్ని ఎవరూ తోసిపుచ్చలేదు కూడా. దాన్ని సిఫిలిస్ రోగుల్లో అరుదుగా కనిపించే విశేషంగా పక్కన పెట్టారు. అసలు చిక్కు చేతిలోని పద్ధతిది. డోనాత్, లాండ్‌స్టీనర్ పట్టుకున్న యాంటీబాడీ టెస్ట్ ట్యూబులోనే కణాన్ని చిట్లగొట్టేది కాబట్టి కంటికి కనిపించింది. నడివయసులో వచ్చే ఈ జబ్బుకు కారణమైన యాంటీబాడీల్లో ఎక్కువ భాగం కణానికి అతుక్కుని ఊరుకుంటాయి. ట్యూబులో చిట్లగొట్టవు, గుంపు కట్టించవు. చూడటానికి సాధనం లేని వస్తువును లేదని అనుకోవడం సులువు. సిద్ధాంతం ఆ సులువుకు తోడైంది, అంతే.

ఈలోగా షోఫార్ పరీక్షకు పేరు పెరిగి, దానివల్లే ఇంకో పొరపాటు బలపడింది. కణాలు గుండ్రంగా ఉండి ఉప్పునీళ్లలో ముందే చిట్లితే అది పుట్టుకతో వచ్చిన జబ్బే అని తీర్మానించడం అలవాటైంది. పెద్ద వయసులో బయటపడినవారిలో ఆ గుర్తు కనిపిస్తే, పుట్టుకతో ఉన్నదే ఇన్నాళ్లూ దాక్కుందని సరిపెట్టుకున్నారు. 1938లో బోస్టన్‌లో డామెషెక్, ష్వార్ట్స్ దీన్ని పడగొట్టారు. గినీ పందుల ఎర్రకణాల మీద పనిచేసే యాంటీబాడీలను వేరే జంతువులో తయారు చేసి, ఆ సీరాన్ని గినీ పందులకు ఎక్కించారు. కణాలు చిట్లడం మొదలైంది. అచ్చం వంశపారంపర్యపు జబ్బులోలాగే మిగిలిన కణాలు గుండ్రంగా మారాయి, ఉప్పునీళ్లకు తట్టుకోలేకపోయాయి. నిన్నటిదాకా ఏ లోపమూ లేని కణాలవి. ఆకారం చెడింది నేల వల్ల. యాంటీబాడీ అతుక్కున్న కణం ప్లీహంలోంచి పోతుంటే అక్కడి మాక్రోఫేజ్ కణాలు దాని పొరను కొంచెం కొంచెంగా కొరుక్కుతింటాయి. పొర తగ్గి, లోపలి సరుకు అలాగే మిగలడంతో బిళ్ల బంతి అవుతుంది. అంటే షోఫార్ పరీక్ష కణం దెబ్బతిన్నదని మాత్రమే చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు.

చోటుకు ఎంత బలం ఉందో చెప్పే మరో కథ శస్త్రచికిత్స చరిత్రలో ఉంది. 1887లో ఇంగ్లండ్‌లో స్పెన్సర్ వెల్స్ ఒక యువతి పొట్టలోని గడ్డను గర్భాశయపు కణితి అనుకుని కోశాడు. బయటికి వచ్చింది పెరిగిన ప్లీహం. ఆమెను చిన్ననాటి నుంచీ వేధిస్తున్న కామెర్లు ఆ ఆపరేషన్‌తో పోయాయి. దశాబ్దాల తర్వాత లార్డ్ డాసన్ ఆమెను వెతికి పట్టుకుని రక్తం పరీక్షించాడు. మనిషి ఆరోగ్యంగా ఉంది, కణాలు మాత్రం ఉప్పునీళ్లలో ముందే చిట్లాయి. విత్తనం లోపం అలాగే ఉంది, దాన్ని చంపే చోటు లేకపోవడంతో పైరు నిలిచింది. ఈ కథను మొదట చూస్తే నా వాదనకు అడ్డం వస్తున్నట్టుంటుంది. విత్తనమా, నేలా అని ఒకదాన్ని ఎంచుకోమనే ప్రశ్నే తప్పేమో అనిపిస్తుంది. ఈ అభ్యంతరం తేలికైనది కాదు, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. ముందు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన ప్రయోగం సంగతి.

ఒకరి కణాలను ఇంకొకరి ఒంట్లో పెట్టి, అవి ఎన్నాళ్లు బతుకుతాయో లెక్కపెట్టే ఉపాయాన్ని 1919లోనే అమెరికాలోని మేయో క్లినిక్‌లో వినిఫ్రెడ్ యాష్బీ కనిపెట్టింది. ఏ గ్రూపు రోగికి ఓ గ్రూపు రక్తం ఎక్కించాలి. తర్వాత ఆ రోగి రక్తం చుక్క తీసి యాంటీ-ఏ సీరం కలిపితే రోగి సొంత కణాలన్నీ గుంపు కడతాయి, ఎక్కించిన ఓ కణాలు విడివిడిగా మిగులుతాయి. మిగిలినవాటిని లెక్కపెట్టాలి. వారం వారం ఈ లెక్క తీస్తే దాత కణాల ఆయుష్షు తెలుస్తుంది. ఎర్రకణం బతికేది రెండు మూడు వారాలేనని చాలామంది నమ్ముతున్న కాలంలో అది నెలల తరబడి బతుకుతుందని ఆమె లెక్క చూపించింది. చాలామంది నమ్మలేదు. 1946లో డేవిడ్ షెమిన్ బరువైన నైట్రోజన్ కలిపిన గ్లైసిన్ 66 గ్రాములు తానే మింగి, తన హీమోగ్లోబిన్‌లో అది ఎన్నాళ్లుందో కొలిచి, సగటు ఆయుష్షు 127 రోజులని తేల్చాకగానీ వాదన ముగియలేదు. ఈలోగా యుద్ధం వచ్చింది. బ్రిటన్‌లో రక్తం నిల్వ చేసే డిపోలు వెలిశాయి. నిల్వ చేసిన రక్తం ఎక్కించాక ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవడం సైన్యానికి అవసరమైంది. ఆ అవసరం కోసం యాష్బీ లెక్కను చేయి తిరిగేలా నేర్చుకున్నవారిలో పాట్రిక్ మాలిసన్ ఒకడు. 1943లో అతను, జాన్ డేసీ కలిసి పుట్టుకతో వచ్చే కామెర్ల రోగులకు ఆరోగ్యవంతుల రక్తం ఎక్కించి చూశారు. ఆ కణాలు మామూలుగానే బతికాయి. నేల బాగానే ఉందన్నమాట. తర్వాత లూటిట్, మాలిసన్ 1946లో మిగతా సగం పూర్తి చేశారు. పుట్టుకతో వచ్చిన రకంలో రోగి కణాలు ఆరోగ్యవంతుడి ఒంట్లోనూ త్వరగా చచ్చాయి. నడుమ వచ్చిన రకంలో ఆరోగ్యవంతుడి కణాలు రోగి ఒంట్లో చచ్చాయి. షోఫార్, విదాల్ వర్ణించినవి రెండు వేర్వేరు జబ్బులని అలా తేలిపోయింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ జంట ప్రయోగం. దానికి కావలసినవి ఒక సూది, ఒక మైక్రోస్కోపు, కణాలు లెక్కపెట్టే ఓపిక.

అయితే ప్రతి రోగికీ ఇలా రక్తం ఎక్కించి వారాల తరబడి లెక్కపెట్టడం కుదిరే పని కాదు. ఆ పనిని గంటలోకి కుదించింది కేంబ్రిడ్జిలో ఒక పశువైద్యుడు. రాబిన్ కూంబ్స్‌కు 1945లో 24 ఏళ్లు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి కేంబ్రిడ్జికి వచ్చాడు. అక్కడ రాబర్ట్ రేస్, ఆర్థర్ మూరాంట్ ఆర్‌హెచ్ గ్రూపుల మీద పనిచేస్తున్నారు. వాళ్లకు అంతుపట్టని చిక్కు ఒకటుంది. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి పుట్టిన పాజిటివ్ బిడ్డ కణాలు చిట్లి కామెర్లతో చనిపోతున్నా, కొందరు తల్లుల సీరంలో యాంటీబాడీ ఉన్నట్టు మామూలు పరీక్షలో కనిపించడం లేదు. అతుక్కుంటాయి కానీ గుంపు కట్టించవు కాబట్టి వీటిని 'అసంపూర్ణ' యాంటీబాడీలు అన్నారు. ఎర్రకణాల మీద రుణావేశం ఉండటంతో అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి, ఆ ఎడాన్ని దాటి రెండు కణాలను పట్టుకునేంత పొడవు ఈ చిన్న యాంటీబాడీకి లేదు. యుద్ధకాలపు మసక వెలుగులో లండన్ నుంచి కేంబ్రిడ్జికి రైల్లో వస్తుండగా పరిష్కారం తట్టిందని కూంబ్స్ తర్వాత చెప్పాడు. యాంటీబాడీ కూడా ఒక గ్లోబ్యులినే. మనిషి గ్లోబ్యులిన్‌ను కుందేలుకు ఎక్కిస్తే కుందేలు దాని మీద యాంటీబాడీ తయారు చేస్తుంది. ఆ కుందేలు సీరాన్ని కలిపితే, కణాల మీద దాక్కున్న మనిషి యాంటీబాడీల మధ్య అది వంతెన వేస్తుంది, కణాలు గుంపు కడతాయి. ఒక్క షరతు ఉంది. కణాలను ముందు సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడగాలి. రక్తంలో ఊరికే తిరుగుతున్న గ్లోబ్యులిన్ ఏమాత్రం మిగిలినా కుందేలు సీరం దానితోనే తీరిపోతుంది, కణం మీదిదాన్ని పట్టుకోవడానికి ఏమీ మిగలదు. బ్లడ్ బ్యాంకుల్లో ఈ పని నేర్చుకునేవారికి మొదట నేర్పేది కడగడమే.

ఈ ఉపాయం కూంబ్స్‌ది కాదని ఒక అభ్యంతరం ఉంది. ఇటలీకి చెందిన కార్లో మొరెస్కి 1908లోనే ఇదే సూత్రాన్ని వర్ణించాడు. ఆ సంగతి తెలిశాక కూంబ్స్ దాన్ని బాహాటంగా ఒప్పుకున్నాడు కూడా. ముందు ఎవరన్న లెక్కలో మొరెస్కిదే పైచేయి. కానీ 1908లో ఆ సూత్రానికి జవాబు కావలసిన ప్రశ్న లేదు. ఆర్‌హెచ్ తెలియదు, అసంపూర్ణ యాంటీబాడీ అన్న ఊహ లేదు. 1946లో కాథ్లీన్ బూర్మన్, బార్బరా డాడ్, లూటిట్ కలిసి కూంబ్స్ పరీక్షను ఆ రెండు రకాల కామెర్ల రోగుల మీద చేసి చూశారు. నడుమ వచ్చిన రకంలో పాజిటివ్, పుట్టుకతో వచ్చిన రకంలో నెగటివ్. కణాలను మార్చి ఎక్కించి వారాలు లెక్కపెడితే వచ్చిన జవాబే ట్యూబులో గంటలో వచ్చింది. ఇవాళ గుంటూరులోనో వరంగల్లులోనో ల్యాబ్ రిపోర్టు మీద 'డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్: పాజిటివ్' అని చూసినప్పుడు దాని వెనక ఈ పోలిక ఉంది. ఆర్‌హెచ్ నెగటివ్ గర్భిణులకు చేయించే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ కూడా ఇదే సూత్రం, అక్కడ కణం మీద కాకుండా సీరంలో వెతుకుతారు.

ఇప్పుడు పక్కన పెట్టిన అభ్యంతరం. ప్రకృతి ఈ రెండు గదుల్లో ఇమిడి కూర్చుంటుందా? రాత్రి పడుకుని లేచాక మూత్రం నల్లగా పోయే పీఎన్‌హెచ్ అనే జబ్బును 1882లో స్ట్రూబింగ్ వర్ణించాడు. 1937లో బోస్టన్‌లో థామస్ హామ్ సీరానికి కొంచెం ఆమ్లం కలిపి అటూ ఇటూ మార్చి చూశాడు. రోగి కణాలు ఆరోగ్యవంతుడి సీరంలోనూ చిట్లాయి, ఆరోగ్యవంతుడి కణాలు రోగి సీరంలో నిలిచాయి. తప్పు కణానిదే. కానీ ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, నడివయసులో మూలుగలోని ఒక మాతృకణంలో పుట్టిన మార్పు. దానికి కారణమైన పిగ్-ఏ జీన్‌ను 1993లో గుర్తించారు. కాబట్టి లోపలిది అంటే వంశపారంపర్యం, బయటిది అంటే మధ్యలో వచ్చింది అని పుస్తకాలు గీసిన సమీకరణం తప్పింది. ప్రశ్న మాత్రం తప్పలేదు. సరిగ్గా ఆ ప్రశ్న అడగడం వల్లే ఆ సమీకరణం తప్పని తెలిసింది.

ఇంకా గట్టి అభ్యంతరం చికాగో నుంచి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇలినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలులో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించేవారు. ప్రైమాక్విన్ ఇస్తే నల్లజాతి ఖైదీల్లో దాదాపు పదోవంతు మందికి కణాలు చిట్లేవి. డెర్న్, ఆల్వింగ్, వారి సహచరులు 1954లో ఆ మనుషుల కణాలకు రేడియోధార్మిక క్రోమియం గుర్తు వేసి, మందు పడేవారి ఒంట్లోకి ఎక్కించి, వారికి ప్రైమాక్విన్ ఇచ్చారు. గుర్తు వేసిన కణాలే చచ్చాయి. అటుదిటుగా మార్చి చేస్తే కణాలు బతికాయి. లోపం కణానిదే. 1956లో కార్సన్, ఆల్వింగ్ బృందం ఆ లోపం జీ6పీడీ అనే ఎంజైముదని చూపింది. కానీ మందు ఇవ్వనంత కాలం ఆ కణాలకు ఏ ముప్పూ లేదు. మధ్యధరా ప్రాంతంలో ఫావా చిక్కుళ్లు తిన్నాక వచ్చే జబ్బూ ఇదే లోపం. విత్తనం లోపం, నేలలోకి విషం దిగినప్పుడే బయటపడుతుంది. ప్లీహం తీసేసిన ఆ ఇంగ్లండ్ స్త్రీ కథ దీనికి తిరగేసిన బొమ్మ. ఈ రెండు ఉదాహరణలూ చెప్పేది ఒకటే. కణం మరణానికి విత్తనం, నేల రెండూ కావాలి, కానీ వైద్యుడు ఎక్కడ చేయి పెట్టగలడన్నది విడదీసి చూస్తేనే తెలుస్తుంది. ఒకచోట ప్లీహం తీయాలి, ఒకచోట మందు ఆపాలి, ఒకచోట యాంటీబాడీని అణిచే స్టెరాయిడ్ ఇవ్వాలి. కణాన్ని చూసి అందరికీ ఒకే జబ్బు పేరు పెడితే ఈ దారుల్లో ఏదీ దొరకదు.

స్టేట్‌విల్ గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఆ ఖైదీలు సంతకాలు చేశారు, నిజమే. శిక్ష తగ్గుతుందన్న ఆశ ముందు పెట్టినప్పుడు జైలు గోడల మధ్య చేసిన సంతకానికి స్వేచ్ఛ ఎంత? న్యూరెంబర్గ్ వైద్యుల విచారణలో నాజీ డాక్టర్ల తరఫు వాదన ఈ జైలు ప్రయోగాలనే ఉదాహరణగా చూపింది. ఆ పోలిక అన్యాయమైనదే, ఎందుకంటే చావు శిబిరాలూ ఇదీ ఒకటి కావు. అయినా ఆ జైలులో ప్రయోగాలు 1970ల దాకా నడిచాయి. కణాలను మనిషి నుంచి మనిషికి మార్చే పద్ధతిని నేను పొగుడుతున్నాను కనుక, దానికి ఒళ్లు ఇచ్చినవారు ఎవరో కూడా చెప్పాలి. 1943 నాటి లండన్ దాతలకూ స్టేట్‌విల్ ఖైదీలకూ మధ్య ఉన్న తేడా పద్ధతిలో లేదు, 'వద్దు' అనే వీలులో ఉంది.

ఆ జైలులో పుట్టిన జ్ఞానం మన మన్యం దాకా వచ్చింది. వైవాక్స్ మలేరియాకు కాలేయంలో దాక్కున్న పరాన్నజీవిని చంపడానికి మన దగ్గర ఇచ్చేది 14 రోజుల ప్రైమాక్వినే. ఇచ్చే ముందు జీ6పీడీ చూడాలనడానికి కారణం ఆ 1956 ఫలితం. పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. కణాలు చిట్లిన వెంటనే రక్తం తీసి పరీక్షిస్తే ఎంజైము మామూలుగా ఉన్నట్టు కనిపించవచ్చు, ఎంజైము తగ్గిన ముసలి కణాలు అప్పటికే పోయి కొత్తవి మిగిలి ఉంటాయి కనుక. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి. కూంబ్స్ పరీక్షకూ ఇలాంటి మెలికే ఉంది. గర్భిణుల రక్తపోటుకు మన ఆసుపత్రుల్లో విరివిగా వాడే మిథైల్‌డోపా మింగేవారిలో చాలామందికి కూంబ్స్ పాజిటివ్ వస్తుందని 1966లో లండన్‌లో గుర్తించారు. ఆ మందు మింగేవారిలో నిజంగా కణాలు చిట్లేది నూటికి ఒకరికి కూడా ఉండదు. పాజిటివ్ అన్న మాట ఒక్కటే జబ్బు కాదు. ఇంకో తెలుగు ముడి కూడా ఉంది. కణాలు ఏళ్ల తరబడి చిట్లుతుంటే మూలుగ రేయింబవళ్లు కొత్తవి తయారు చేస్తూ ఫోలిక్ యాసిడ్ నిల్వను తినేస్తుంది. అందుకే ఈ రోగులకు రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తారు. కూంబ్స్ పరీక్ష వెలువడిన 1945లోనే అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. ఆ పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇప్పుడు పెద్ద బ్లడ్ బ్యాంకుల్లో కూంబ్స్ పరీక్షను జెల్ కార్డుల మీద చేస్తున్నారు. కణాలు జెల్‌లోంచి కిందికి జారాలి, గుంపు కట్టినవి పైనే ఆగుతాయి. కడిగే పని తప్పింది, చూసే కంటికి పొరపాటు తగ్గింది. కుందేళ్ల స్థానంలో చాలాచోట్ల మోనోక్లోనల్ యాంటీబాడీలు వచ్చాయి. అయినా సొంత యాంటీబాడీల వల్ల కణాలు చిట్లుతున్న రోగుల్లో నూటికి సుమారు ఐదుగురికి ఈ పరీక్ష నెగటివ్ వస్తుంది. కొందరిలో యాంటీబాడీ కణం మీద మరీ తక్కువగా ఉంటుంది. ఇంకొందరిలో అది కణాన్ని పట్టుకునే పట్టు బలహీనం. గది వేడిలో ఉన్న సెలైన్‌తో మూడుసార్లు కడిగేసరికి అది జారిపోతుంది. పరీక్ష మొదలుకాకముందే కారణం కడిగిన నీళ్లలో కొట్టుకుపోతుందన్నమాట. అలాంటి రోగి పాలిపోతూనే ఉండి, రెటిక్యులోసైట్లు పెరుగుతూనే ఉంటే, అనుభవం ఉన్న టెక్నీషియన్ కార్డు పక్కన పెట్టి పాత టెస్ట్ ట్యూబు తీస్తాడు. సెలైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు డిగ్రీలకు చల్లార్చి, ఆ చల్లని నీళ్లతో కణాలను మళ్లీ మొదటి నుంచి కడుగుతాడు.